తమ్ముళ్ళ ఇంగ్లీషు నోటుబుక్కుల్లో మేం చూసినవి

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాసి పంపాలని వార్డెన్ గారు కబురు చేశారు. ట్రంకు పెట్టెల గురించి, బోరింగు దగ్గర బకెట్ల వరస గురించి, ఆదివారం గుడ్డు గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని మేం ఈసారి జ్ఞాపకాలు పక్కనపెట్టి ఒక పాఠం రాద్దామనుకున్నాం. ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్ళకు ఇంగ్లీషు రాయడం నేర్పుతున్న ఐదుగురం కలిసి రాసినదిది. మాలో ఇద్దరు టీచర్లు, ఒకరు బ్యాంకులో, ఒకరు బస్సు డిపోలో పనిచేస్తున్నారు, ఒకరు ఇంకా డిగ్రీ చదువుతున్నారు. ఐదుగురమూ ఇదే హాస్టల్లో తెలుగు మీడియం చదివినవాళ్ళమే. ఇంగ్లీషు పరీక్ష రోజు కడుపునొప్పి తెచ్చుకున్నవాళ్ళమే.

స్టడీ అవర్‌లో పక్కన కూర్చున్న చిన్న తరగతి తమ్ముడికి ఇంగ్లీషు చూపించే పదో తరగతి అన్నలు ముందుగా ఇది చదవాలి. ఊరికి వచ్చినప్పుడు హాస్టల్ వైపు ఒకసారి వచ్చిపోయే మా తోటి పాత విద్యార్థులు కూడా చదివితే సంతోషం.

మొదటి ఏడాది మేం చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాం.

అప్పుడు మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, మాకు మా సార్లు నేర్పిన పద్ధతి. పిల్లవాడు రాస్తాడు, మనం ఎర్ర పెన్నుతో దిద్దుతాం, వాడు దాన్ని ఐదుసార్లు రాసుకొస్తాడు. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు 'మా ఇల్లు' మీద పది వాక్యాలు రాసుకొచ్చాడు. మాలో ఒకరు దిద్ది ఇచ్చేసరికి పేజీలో వాడి నీలం సిరా కన్నా మా ఎర్ర సిరా ఎక్కువైంది. వాడు పుస్తకం తీసుకుని "థ్యాంక్యూ అన్నా" అని వెళ్ళాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కబురు పెడితే కడుపునొప్పి అన్నాడట. ఆ కడుపునొప్పి మాకు కొత్తది కాదు.

మూడో వారం వాడు డైనింగ్ హాలు బయట పళ్ళెం కడుక్కుంటుంటే మాలో ఒకరు వెళ్ళి, "ఒరేయ్, మీ ఇంటి సంగతి తెలుగులో చెప్పరా, ఇంగ్లీషు వద్దులే" అన్నారు. వాడు ఆపకుండా పది నిమిషాలు చెప్పాడు. వాళ్ళ నాన్న తాపీ పనికి వలస వెళ్తే ఆర్నెల్లకోసారి వస్తాడని, వచ్చేటప్పుడు చెల్లెలికి గాజులు తెస్తాడని, ఇంటి వెనక దడి పడిపోతే తనే కట్టాడని. వీటిలో ఒక్కటీ ఆ పది వాక్యాల్లో లేదు. "మై హౌస్ బ్యూటిఫుల్", "మై ఫాదర్ గుడ్" లాంటివే ఉన్నాయి. చెప్పడానికి ఇంత ఉన్నవాడు అంత కొంచెమే రాశాడంటే కారణం ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కాదు. తప్పు పోతుందన్న భయంతో, తనకు వచ్చిన నాలుగు మాటల్లో పట్టేట్టు తన ఇంటిని తనే చిన్నది చేసుకున్నాడు.

ఆ సాయంత్రం వాడి నోటుబుక్కు మళ్ళీ అడిగి తెచ్చుకుని ఐదుగురం చదివాం. ఈసారి పెన్ను పట్టుకోలేదు. ఒక్కో తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశాం.

తప్పు వెనక తెలుగు

"మై ఫాదర్ మేస్త్రీ" అని రాశాడు. మధ్యలో 'ఈజ్' లేదు, 'ఎ' లేదు. కానీ "మా నాన్న మేస్త్రీ" అన్నది తెలుగులో నిండు వాక్యం. అందులో క్రియే లేదు, అవసరం లేదు. ఇంగ్లీషు వాక్యానికి మాత్రం క్రియ లేకపోతే నిలబడదు. ఇక 'ఎ', 'ద' అనేవి తెలుగులో లేనే లేవు. 'ఒక' అనే మాటను మనం లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడో, కథ మొదలుపెట్టేటప్పుడో వాడతాం తప్ప ప్రతి నామవాచకం ముందూ పెట్టం. లేని వస్తువును పిల్లవాడు మర్చిపోయాడనడం న్యాయం కాదు. వాడికది ఎప్పుడూ ఉండలేదు.

ఇంకోచోట "మై ఫాదర్ ఆర్ కమింగ్" అని ఉంది. మొదటిసారి దిద్దినప్పుడు దాన్ని ఏకవచనం, బహువచనం తెలియని తప్పు కింద కొట్టేశాం. రెండోసారి చూస్తే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నాన్న 'వస్తాడు' అనడానికి మనసొప్పక, కాగితం మీద 'వస్తారు' అని గౌరవంగా రాసుకున్నాడు వాడు. ఇంగ్లీషులో గౌరవం క్రియలో కనబడదు, రాష్ట్రపతికైనా రిక్షావాడికైనా 'ఈజ్' అనే అనాలి అని చెబితే, "అయితే వాళ్ళ నాన్నల్ని కూడా అట్లాగే అంటారా అన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్న తర్వాత ఆ తప్పు మళ్ళీ చేయలేదు.

వాక్యంలో మాటల వరస మరో సంగతి. మన క్రియ చివర కూర్చుంటుంది, వాళ్ళ క్రియ కర్త పక్కనే కూర్చుంటుంది. 'కి', 'లో', 'తో', 'నుంచి' మన నామవాచకానికి వెనక అతుక్కుంటాయి, వాళ్ళవి ముందు నిలబడతాయి. అందుకే "హాస్టల్‌కి వచ్చాను" అన్నది "హాస్టల్ టు కేమ్" అవుతుంది. "నాకు ఆకలేస్తోంది", "నాకు జ్వరం వచ్చింది", "నాకు ఇంగ్లీషు రాదు" వంటి వాక్యాల్లో మనిషి 'కు'తో ఉంటాడు, పని చేసేది ఆకలీ జ్వరమూ. ఇంగ్లీషులో మనిషే ముందుకు వచ్చి ఆకలిగా ఉంటాడు, జ్వరం కలిగి ఉంటాడు. దీన్ని మేం ఒకే ఆదివారం ఆరు వాక్యాలతో ఎదురెదురుగా రాసి చూపించాం. సూత్రాలుగా చెప్పిన దానికన్నా బాగా ఎక్కింది.

అన్నిటికన్నా గట్టిది ఇంకోటుంది. "లేచి, ముఖం కడుక్కుని, స్నానం చేసి, టిఫిన్ తిని, బడికి వెళ్ళాను." తెలుగులో ఇది ఎంత చక్కని వాక్యం! ఐదు పనులు జరిగినా కాలం చెప్పేది చివరి క్రియ ఒక్కటే, మిగిలినవన్నీ దానికి కట్టిన బోగీలు. పిల్లవాడు దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు బోగీలకు ఏం పెట్టాలో తెలియక 'ఇంగ్' పెడతాడు, లేదా ఏమీ పెట్టడు. ఇంగ్లీషులో ఒక్కో పనికీ దాని కాలం అదే చెప్పుకోవాలి, లేకపోతే వాక్యాన్ని విరిచేయాలి. మేం విరిచేయడమే నేర్పుతాం. రెండు పనులు దాటితే చుక్క పెట్టు అంటాం. వాక్యాలు మొండిగా ఉంటాయి నిజమే, కానీ నిలబడతాయి. సొగసు ఇంటర్‌లో చూసుకోవచ్చు.

స్పెల్లింగుల సంగతీ ఇంతే. మన నోట్లో రోడ్ 'రోడ్డు', బుక్ 'బుక్కు', బస్ 'బస్సు'. హల్లుతో ముగిసే మాటను మన నాలుక ఒప్పుకోక చివర ఉకారం తగిలిస్తుంది. పిల్లవాడు రోడ్‌కు రెండు 'డి'లూ ఒక 'యు' రాశాడంటే చెవిటివాడై కాదు, చెవి బాగుండే. మనకు 'వ' ఒక్కటే, వాళ్ళకు 'వి', 'డబ్ల్యూ' రెండు. విలేజ్‌నూ వాటర్‌నూ వాడు తారుమారు చేస్తే ఆశ్చర్యం లేదు. పైగా మన లిపిలో రాసినదే పలుకుతాం, పలికినదే రాస్తాం. ఇంగ్లీషులో 26 అక్షరాలు సుమారు 44 ధ్వనుల్ని మోయాలి. 'సి' ఒకచోట 'క', ఇంకోచోట 'స'. నైఫ్‌లో మొదటి 'కె' ఏమీ పలకదు. తెలుగు లిపి ఇచ్చిన నమ్మకంతో ఇంగ్లీషులోకి దిగిన పిల్లవాడు మోసపోయినట్టు భావిస్తే వాడి తప్పు కాదు.

తప్పులన్నీ తెలుగు నుంచే వస్తాయని కూడా అనుకోవద్దు. 'వెంట్'కు బదులు 'గోడ్' అని, 'ఏట్'కు బదులు 'ఈటెడ్' అని రాసేవాళ్ళున్నారు. వాళ్ళు తెలుగు నుంచి తేలేదు, 'ఇడి' చేరిస్తే భూతకాలం అన్న ఇంగ్లీషు సూత్రాన్నే మరీ నమ్మారు. ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగే పసిపిల్లలు కూడా ఒక వయసులో ఇలాగే అంటారు. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో ఒక వ్యాసంలో, నేర్చుకునేవాడి తప్పులు వాడెంతవరకు వచ్చాడో టీచరుకు చెప్పే ఆనవాళ్ళని రాశాడు. 'గోడ్' అని రాసినవాడు ఏమీ రాయనివాడి కన్నా ఒక మెట్టు పైన ఉన్నాడన్న మాట.

ఈ పని మనకన్నా ముందు చేసిన ఒక టీచరమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1970లో ఆ నగరపు హైస్కూలు పాసైన ప్రతి ఒక్కరికీ కాలేజీ తలుపులు తెరిచింది. అంతవరకు లోపలికి రాలేని నల్లజాతి పిల్లలు, ప్యూర్టోరికో కుటుంబాల పిల్లలు, వలస కూలీల పిల్లలు వేలల్లో వచ్చారు. వాళ్ళు రాసినవి చూసి, వీళ్ళకు చదువు అబ్బదని తేల్చేసిన ప్రొఫెసర్లు చాలామంది. సిటీ కాలేజీలో పనిచేస్తున్న మీనా షానెస్సీ అలా అనలేదు. ప్రవేశ సమయంలో ఆ విద్యార్థులు రాసిన సుమారు 4,000 వ్యాసాలు ముందేసుకుని, తప్పులకొక క్రమం ఉంటుందని, ప్రతిదాని వెనకా ఏదో ఒక ఆలోచన ఉంటుందని చూపించింది. 1977లో 'ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్' అనే పుస్తకం అచ్చయింది. మరుసటి ఏడే ఆమె చనిపోయింది. మన హాస్టల్ నోటుబుక్కులు చూస్తే ఆమెకు కొత్తగా ఏమీ అనిపించేది కాదేమో అని మేం అనుకుంటూ ఉంటాం.

పక్కన కూర్చున్నప్పుడు

ఇప్పుడు మేం పాటిస్తున్నవి చెబుతాం. ఎదురుగా కాదు, పక్కన కూర్చుంటాం. పెన్సిలు తమ్ముడి చేతిలోనే ఉంటుంది. వాడి పుస్తకంలో మేం ఒక్క అక్షరం రాయం. ఇది వినడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. మన చెయ్యి ఆగదు. మా బ్యాంకు మిత్రుడు మొదట్లో తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు.

ముందు వాడు చెప్పదలుచుకున్నది తెలుగులో నోటితో చెబుతాడు. తర్వాత అందులో నాలుగు సంగతులు ఎంచుకుంటాడు. వాటికి కావలసిన మాటలు, తాపీ, దడి, గాజులు లాంటివి, ఇంగ్లీషులో ఏమంటారో ఒక చీటీ మీద రాసి పక్కన పెడతాం. ఆ చీటీ చూసుకుని వాడు రాస్తాడు. రాశాక తనే గట్టిగా చదువుతాడు. సగం తప్పులు అప్పుడే దొరుకుతాయి, ఎందుకంటే కన్ను దాటేసిన దాన్ని నోరు దాటలేదు.

మిగిలిన వాటిలో ఆ రోజుకు ఒక్క రకం తప్పే పట్టుకుంటాం. ఏది ముందు? అర్థం చెడగొట్టేది ముందు. మాటల వరస తప్పితే చదివేవాడికి ఏమీ బోధపడదు. 'ఎ', 'ద' లేకపోయినా బోధపడుతుంది. కాబట్టి 'ఎ', 'ద'లు ఆఖరికి. అవి ఎం.ఏ. చేసినవాళ్ళకూ ఒక పట్టాన లొంగవు, మాకూ లొంగలేదు. తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి వాటి కోసం ఏడిపించడం అనవసరం.

ఇంకోటి. 'ఆవు' మీద వ్యాసాలు మానేశాం. నిజంగా అవసరమయ్యేవి రాయిస్తాం. పండక్కి ఇంటికి పంపమని వార్డెన్ గారికి చీటీ, బ్యాంకులో ఖాతా తెరిచే ఫారం, స్కాలర్‌షిప్ దరఖాస్తు. తన పేరూ, తండ్రి పేరూ ఇంగ్లీషులో ఒకే తీరుగా రాయడం మొదటి పాఠంగా పెట్టుకున్నాం. ఆధార్‌లో ఒక 'హెచ్' ఎక్కువ, పదో తరగతి మెమోలో ఒక 'ఎ' తక్కువ, కుల ధ్రువపత్రంలో ఇంటిపేరు చివరికి పోవడం, దాని వల్ల స్కాలర్‌షిప్ ఆగి ఆఫీసుల చుట్టూ తిరగడం మాలో ఇద్దరం పడ్డాం. ఒక్క అక్షరం ఖరీదు ఎంతో మాకు తెలుసు.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. చాలామంది తమ్ముళ్ళు తెలుగు పేజీ చదివేసి ఇంగ్లీషు పేజీ బట్టీ పెడుతున్నారు. దానికి బదులు తెలుగు పేజీలో ఒక వాక్యం చదివి, ఎదుటి పేజీ మూసి, ఇంగ్లీషులో తనంతట రాసి, తర్వాత తెరిచి చూసుకోమంటున్నాం. డబ్బు ఖర్చు లేని ట్యూషన్ అది.

ఎంత చెప్పినా మారని నోటుబుక్కు

ఇదంతా చేశాక చాలామంది తమ్ముళ్ళు మెల్లగానైనా ముందుకు కదిలారు. ఒక్కడు కదల్లేదు.

వాడు అప్పుడు తొమ్మిదో తరగతి. బోరు మోటారు ఆగిపోతే వంటమనిషి ముందు వాణ్ణే పిలిచేది. సైన్సు పాఠం ఒకసారి వింటే తిరిగి అప్పజెప్పేవాడు. కాగితం ముందుకు వస్తే మాత్రం వేరే మనిషి. 'బి', 'డి' తారుమారు. ఒకే మాట ఒకే పేజీలో మూడు రకాలుగా. అక్షరాలు గీత మీద నిలబడవు. బోర్డు మీది ఐదు లైన్లు ఎక్కించుకోవడానికి పీరియడంతా పట్టేది. చెయ్యి నొప్పి అని మధ్యలో వేళ్ళు దులుపుకునేవాడు. ముందు వారం చెప్పినది పై వారానికి లేదు. మేం వాడికి బద్ధకం అన్నాం. మనసు పెట్టడం లేదన్నాం. ఒక ఆదివారం మాలో ఒకరు అందరి ముందూ 'మొద్దు' అన్నారు. ఎవరన్నారో ఇక్కడ రాయం, ఆయన కూడా ఈ వ్యాసం రాసిన ఐదుగురిలో ఉన్నారు. అలా ఒక ఏడాది పోయింది. పది తప్పితే ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందేనని హాస్టల్లో చదివిన ఎవరికైనా తెలుసు. వాడికి మిగిలింది ఇంకొక్క ఏడాదే.

ఒకరోజు ఎందుకో, "పోనీ తెలుగులో రాయరా" అన్నాం. 'చెట్టు' 'చెటు' అయింది. 'పుస్తకం' 'పుసతకం' అయింది. దీర్ఘాలు ఉండాల్సిన చోట లేవు. 'ప', 'వ', 'ష' ఒకదాని స్థానంలో ఒకటి. తల్లి భాషలో, తొమ్మిదేళ్ళుగా రాస్తున్న లిపిలో! అప్పుడు తెలిసింది మాకు. వీడి ఇబ్బంది ఇంగ్లీషుతో కాదు.

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషు రాయలేని తమ్ముడు కనబడితే ముందు తెలుగు రాయించి చూడండి. తెలుగు బాగా రాసి ఇంగ్లీషు దగ్గరే తడబడితే వాడికి కావలసింది కాలమూ, సరైన పాఠమూ. తెలుగులోనూ అదే తడబాటు ఉంటే ఆగి ఆలోచించాలి. వెంటనే ముద్ర వేయకూడదు. అమ్మానాన్నలతో వలస తిరిగి బడి పోగొట్టుకున్నవాడికీ తెలుగు రాదు, అది వేరే సంగతి. కన్ను సరిగ్గా కనబడనివాడు, చెవి సరిగ్గా వినబడనివాడు ఉంటారు, ఆ పరీక్షలు ముందు చేయించాలి. మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు రాత అలవాటు తక్కువైన పిల్లలూ ఇప్పుడు ఎక్కువ. అలాంటప్పుడు కాగితం పక్కనపెట్టి నోటితో అడగండి. 'కమల'లో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది? 'పలక'ను వెనక నుంచి చెప్పు. ధ్వనుల్ని విడదీయడం దగ్గరే వాడు తికమకపడుతుంటే అనుమానం బలపడుతుంది. అయినా అది అనుమానమే. తేల్చాల్సింది డాక్టర్లూ సైకాలజిస్టులూ. మనం కాదు.

చదవడంలోని ఈ ఇబ్బందిని డిస్లెక్సియా అనీ, రాయడంలోనిదాన్ని డిస్‌గ్రాఫియా అనీ అంటారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు, పెర్సీ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆటల్లో చురుకు, లెక్కల్లో ఇబ్బంది లేదు, చదవడం మాత్రం రాదు. తన పేరులోనే అక్షరాలు అటూ ఇటూ చేసి 'ప్రెసీ' అని రాసుకుని, అందులో తప్పుందని ఒకటికి రెండుసార్లు అడిగేదాకా గమనించలేదు. పాఠాలన్నీ నోటితోనే జరిగితే బడి మొత్తంలో వీడే తెలివైనవాడని వాళ్ళ మాస్టారు అన్నాడట. మా బోరు మోటారు తమ్ముడి గురించి మేం అనాల్సిన మాట అది. మేమన్నది వేరు.

2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమా మనలో చాలామంది చూశాం. అందులో ఇషాన్ బొమ్మల పోటీలో గెలుస్తాడు. మంచి సినిమా. కానీ మన దగ్గర ప్రతి ఇషాన్‌కూ చివర ఒక పోటీ ఉండదు, చాలామందికి పదో తరగతి హాల్ టికెట్ ఉంటుంది.

వాడికి నేర్పడానికి ఏం చేశాం? మనకు అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టి దిద్దించారు గదా, మళ్ళీ అక్కడికి వెళ్ళాం. పళ్ళెంలో ఇసుక పోసి, మాటను పెద్దగా పలుకుతూ వేలితో రాయించాం. ఇది మా కనిపెట్టుడేమీ కాదు. గ్రేస్ ఫెర్నాల్డ్ అనే అమెరికా సైకాలజిస్టు 1943లో అచ్చయిన తన పుస్తకంలో ఈ దారినే చెప్పింది. పిల్లవాడు తనకు కావలసిన మాట తనే ఎంచుకుంటాడు, పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి పలుకుతూ దిద్దుతాడు, తర్వాత చూడకుండా రాస్తాడు. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పనిచేస్తాయి. మా తమ్ముడు మొదట ఎంచుకున్న మాట 'మోటార్'.

'బి', 'డి'ల కోసం రెండు పిడికిళ్ళు కలిపి బొటనవేళ్ళు పైకి పెట్టమన్నాం. ఎడమ చెయ్యి 'బి', కుడి చెయ్యి 'డి', మధ్యలో 'ఇ' ఊహించుకుంటే 'బెడ్', చూడటానికీ మంచంలాగే ఉంటుంది. పరీక్ష హాల్లో ఎవరూ చూడకుండా బెంచీ కింద చేసుకోవచ్చు. నాలుగు గీతల పుస్తకంలో లైను వదిలి లైను రాయించాం. పది వాక్యాల చోట మూడు చాలన్నాం. వాడు నోటితో చెబుతుంటే ఒక అన్న రాసి, దాన్ని వాడు చదువుకుని, అందులో రెండు వాక్యాలు తన చేత్తో రాసేవాడు. చెప్పిన సంగతికి వేరుగా, స్పెల్లింగుకు వేరుగా మార్కులు వేశాం. మొదటి లెక్కలో వాడికి పదికి ఎనిమిది వచ్చాయి. ఆ కాగితం వాడు ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్నాడు.

హక్కుల సంగతి

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, ఈ ఇబ్బందికి చోటు లేదు. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి. అభ్యసన వైకల్యం అందులో ఒకటి. ఆ చట్టం 17వ సెక్షన్ పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సర్దుబాట్లు చేయాలని చెబుతోంది. సహాయకుణ్ణి అనుమతించిన వాళ్ళకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది.

సివిల్స్ రాయాలనుకున్న వికాస్ కుమార్ అనే అభ్యర్థికి, రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బు ఉంది. వైకల్యం 40 శాతం లేదని సహాయకుణ్ణి నిరాకరించారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2021 ఫిబ్రవరిలో కోర్టు, సహాయకుడి సదుపాయం 40 శాతం ఉన్నవాళ్ళకే పరిమితం చేయడం కుదరదని తీర్పు చెప్పింది. దాన్ని అనుసరించి 2022లో కేంద్రం 40 శాతం లోపు వాళ్ళకూ మార్గదర్శకాలు ఇచ్చింది. 

మన చుట్టుపక్కల ఎవరిని అడగాలంటే, ముందు హెడ్‌మాస్టర్ గారిని. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ ఆ పనికి శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. బడికి వచ్చే ఆరోగ్య బృందం, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వారు, చూడాల్సిన వాటిలో అభ్యసన సమస్య కూడా ఉంది. అడిగితేనే చూస్తారు, లేకపోతే పళ్ళూ కళ్ళూ చూసి వెళ్ళిపోతారు. సర్టిఫికెట్‌కు నెలలు పడుతుంది. కాబట్టి పదో తరగతి ఫీజు కట్టే రోజుల్లో కాదు, తొమ్మిదిలోనే, వీలైతే ఆరులోనే మొదలుపెట్టాలి. మేం ఆలస్యంగా మొదలుపెట్టి మూడుసార్లు తిరిగాం. వాళ్ళమ్మ కూలి మానుకుని మాతో వచ్చింది. "మా వాడికి పిచ్చి అని రాస్తారా బాబూ?" అని బస్సులో అడిగింది. కాదమ్మా, పరీక్షలో ఎక్కువ టైమివ్వమని రాస్తారు అని చెప్పాం. ఆమెకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఆ కాగితం ఊళ్ళో ఎవరికీ చూపించొద్దని మాట తీసుకుంది. అందుకే వాడి పేరూ ఏడూ ఇక్కడ రాయలేదు.

అదనపు సమయంతో పరీక్ష రాశాడు. ఇంగ్లీషు పాసయ్యాడు. ఫస్ట్ క్లాసేమీ కాదు. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఉన్నాడు, రికార్డు రాయడానికి ఇంకా తిప్పలు పడుతున్నాడు. రెండో శనివారం వస్తే రికార్డు మా దగ్గరే కూర్చుని రాసుకుంటాడు.

మొదట చెప్పిన ఎనిమిదో తరగతి తమ్ముడు పదిలోకి వచ్చాడు. ఈ ఏడాది ఏడో తరగతి వాళ్ళ పక్కన కూర్చునేది వాడే. మొన్న ఒక చిన్నవాడు "మై గ్రాండ్‌మదర్ ఆర్ కుకింగ్" అని రాస్తే, వాడు కొట్టేయకుండా, "మీ నానమ్మంటే నీకు బాగా గౌరవమా?" అని అడగడం మేం విన్నాం.

ఆదివారం ఉదయం టిఫిన్ అయ్యాక తొమ్మిదింటికి డైనింగ్ హాల్లో ఉంటాం. నాలుగు గీతల పుస్తకం, పెన్సిలు, రబ్బరు తెచ్చుకోండి. ఎర్ర పెన్ను ఎవరూ తేవద్దు. పండక్కి ఊరికి వచ్చే పాత విద్యార్థులు ఒక్క పూట కూర్చుంటామన్నా చాలు, వార్డెన్ గారి దగ్గర మా ఫోను నంబర్లు ఉన్నాయి.